అటక ఉష్ణబంధకం - విద్యుత్ తీగల భద్రత

ఇంటి పైకప్పుకు, గదుల లోకప్పుకు (సీలింగుకు) మధ్య ఉండే ఖాళీ స్థలంలో వేడి రాకపోకలను తగ్గించడానికి పరచే పదార్థాన్ని అటక ఉష్ణబంధకం అంటారు. బ్రిటన్, అమెరికా సంయుక్త రాష్ట్రాలు, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ మొదలైన దేశాలలో వాలుకప్పు గల ఇళ్ళలో ఇది సర్వసాధారణం. చలికాలంలో గదిలోని వెచ్చదనం పైకి పోకుండా, ఎండాకాలంలో కప్పు వేడి గదిలోకి దిగకుండా ఇది కాపాడుతుంది. అయితే ఆ ఇళ్ళలో దీపాలకు, ప్లగ్గులకు, నీళ్ళు కాచే పరికరాలకు వెళ్ళే విద్యుత్ తీగలు చాలావరకు ఆ అటక గుండానే పోతాయి. విద్యుత్తు ప్రవహించే ప్రతి తీగ కొంత వేడిని పుట్టిస్తుంది. ఆ వేడి బయటికి పోతేనే తీగ క్షేమంగా ఉంటుంది. వేడిని పోనివ్వకపోవడమే ఉష్ణబంధకం పని. ఈ రెండింటినీ ఒకే చోట క్షేమంగా ఉంచే పద్ధతులను ఈ వ్యాసం వివరిస్తుంది. ఇందులోని కొలతలు ప్రధానంగా బ్రిటన్ పద్ధతికి చెందినవి.

అటక నిర్మాణం

తెలుగు ఇళ్ళలో అటక అంటే సామాన్లు దాచుకొనే చిన్న అర. పాశ్చాత్య దేశాల ఇళ్ళలో అటక అంటే వాలుకప్పు కింద ఇంటి పొడవునా ఉండే త్రికోణాకారపు చోటు. దాని అడుగున అడ్డదూలాలు వరుసగా ఉంటాయి. ఆ దూలాల కింది వైపున జిప్సం పలకలు బిగిస్తారు. కింద గదిలో నిలబడి చూసేవారికి కనిపించే లోకప్పు ఇదే. పాత పెంకుటిళ్ళలో వాసాలకు, దూలాలకు మధ్య ఉండే చోటును తలచుకుంటే దీని స్వరూపం సులభంగా బోధపడుతుంది.

బ్రిటన్‌లో దూలాల మధ్య 100 మిల్లీమీటర్ల మందం గల ఒక పొరను, దానిపై దూలాలకు అడ్డంగా 170 మిల్లీమీటర్ల మరొక పొరను, మొత్తం 270 మిల్లీమీటర్ల ఖనిజ ఉన్నిని పరచడం వాడుకగా ఉన్నది. పాత ఇళ్ళలో 25 నుండి 100 మిల్లీమీటర్ల పలుచని పొర మాత్రమే ఉండేది. విద్యుత్ తీగలను ఆ కాలానికి తగినట్లుగా దూలాల పక్కన గాని, జిప్సం పలకపై గాని పరచి వదిలేశారు. వాటిమీద ఇప్పుడు కొత్తగా మందపాటి పొర వేసినపుడు సమస్య మొదలవుతుంది.

ఉష్ణబంధక పదార్థాలు

ఇవన్నీ ఒకే సూత్రంపై పనిచేస్తాయి. నిశ్చలంగా ఉన్న గాలి ఉష్ణానికి అధమ వాహకం. గాలిని చిన్న చిన్న అరలలో బంధించి కదలకుండా చేస్తే ఉష్ణ సంవహనం ఆగిపోతుంది. చలికి కప్పుకొనే బొంతలో జరిగేది కూడా ఇదే.

- గాజు ఉన్ని, రాతి ఉన్ని: చుట్టలుగా, పరుపులుగా దొరుకుతాయి. ఇవి స్వతహాగా మండవు. గాజు ఉన్ని ఉష్ణ వాహకత సుమారు 0.04 వాట్/మీటర్-కెల్విన్.
- సెల్యులోజ్: పాత కాగితాన్ని తురిమి, నిప్పు అంటుకోకుండా బోరాన్ లవణాలు కలిపి తయారు చేస్తారు. యంత్రంతో ఊది నింపుతారు.
- పాలిస్టైరీన్: మన వాడుకలో థర్మాకోల్. పలకలుగాను, పూసలుగాను వస్తుంది. దీనికి, తీగపై ఉండే పి.వి.సి. తొడుగుకు పొత్తు కుదరదు (కింద చూడండి).
- అల్యూమినియం రేకు: వికిరణ రూపంలో వచ్చే వేడిని వెనక్కు మరలిస్తుంది. ఎండ ఎక్కువగా ఉండే దేశాలలో వాడతారు. ఇది విద్యుత్తుకు ఉత్తమ వాహకం కాబట్టి ప్రత్యేక జాగ్రత్త అవసరం.
- గొర్రె ఉన్ని, చెక్క నార వంటి సహజ పదార్థాలు కూడా వాడుకలో ఉన్నాయి.

తీగ వేడెక్కడానికి కారణం

తీగలో పుట్టే ఉష్ణం విద్యుత్ ప్రవాహపు వర్గానికి, తీగ నిరోధానికి అనులోమానుపాతంలో ఉంటుంది. దీనిని జౌల్ నియమం అంటారు. ప్రవాహం రెట్టింపైతే ఉష్ణం నాలుగు రెట్లవుతుంది.

ఇళ్ళలో ఎక్కువగా వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులును ఉదాహరణగా తీసుకొనవచ్చు. పోయే తీగ, వచ్చే తీగ కలిపి మీటరు పొడవుకు దీని నిరోధం, పూర్తిగా వేడెక్కిన స్థితిలో, సుమారు 0.018 ఓములు. ఇందులో 27 ఆంపియర్లు ప్రవహిస్తే మీటరుకు సుమారు 13 వాట్ల వేడి పుడుతుంది. గాలి ఆడే చోట, దూలానికి బిగించిన కేబులు ఈ 13 వాట్లను చుట్టూ ఉన్న గాలికి, చెక్కకు ఇచ్చివేసి 70 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద స్థిరపడుతుంది. సాధారణ పి.వి.సి. తొడుగు దీర్ఘకాలం తట్టుకోగల గరిష్ఠ ఉష్ణోగ్రత కూడా 70 డిగ్రీలే. అందుచేతనే ఆ కేబులుకు 27 ఆంపియర్లను పరిమితిగా నిర్ణయించారు.

అదే కేబులు మీద ఉన్ని కప్పితే పుట్టే వేడి తగ్గదు, పోయే దారి మాత్రం మూసుకుపోతుంది. కాబట్టి ఉష్ణోగ్రత 70 డిగ్రీలు దాటి పెరుగుతుంది. దీనివలన వెంటనే మంటలు రావు. తొడుగు మెల్లగా మెత్తబడి, ఆపై పెళుసై, పగుళ్ళు తీస్తుంది. పరిమితి మీద ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు తొడుగు ఆయుర్దాయం సుమారు సగానికి పడిపోతుందని ఇంజనీర్లు స్థూలంగా లెక్క కడతారు. తొడుగు పాడైన చోట తీగలు ఒకదానినొకటి తాకడం, విద్యుత్తు కారడం, చివరకు నిప్పు పుట్టడం సంభవించవచ్చు.

ప్రవాహ సామర్థ్యంలో తగ్గుదల

బ్రిటన్‌లో విద్యుత్ వైరింగుకు ప్రమాణమైన బి.ఎస్. 7671 ఈ విషయాన్ని అంకెలలో నిర్దేశిస్తుంది. పి.వి.సి. తొడుగు గల బల్లపరుపు కేబులు, 30 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రత వద్ద, మోయగల ప్రవాహం ఆంపియర్లలో ఈ విధంగా ఉంటుంది:

| కేబులు పరిమాణం (చదరపు మి.మీ.) | గాలిలో, ఉపరితలానికి బిగించినపుడు | లోకప్పును లేదా దూలాన్ని తాకుతూ, పైన 100 మి.మీ. వరకు ఉన్ని | అదే విధంగా, పైన 100 మి.మీ. కంటే ఎక్కువ ఉన్ని | అన్ని వైపులా ఉన్ని |
|---|---|---|---|---|
| 1.0 | 16 | 13 | 10.5 | 8 |
| 1.5 | 20 | 16 | 13 | 10 |
| 2.5 | 27 | 21 | 17 | 13.5 |
| 6.0 | 47 | 34 | 27 | 23.5 |
| 10.0 | 64 | 45 | 36 | 32 |

చివరి గడి అర మీటరు, అంతకు మించిన పొడవున పూర్తిగా ఉన్నిలో మునిగిన కేబులుకు వర్తిస్తుంది. దాని సామర్థ్యం గాలిలో ఉన్నప్పటి దానిలో సగం. కేబులు ఉన్ని గుండా కొద్ది దూరం మాత్రమే దూరి పోయే చోట తగ్గుదల తక్కువ. 50 మిల్లీమీటర్ల పొడవుకు 0.88 వంతు, 100 కి 0.78, 200 కి 0.63, 400 కి 0.51 వంతు మిగులుతుంది.

మూడవ, నాలుగవ, ఐదవ గడులను పోల్చి చూస్తే ఒక ముఖ్య విషయం తెలుస్తుంది. కేబులు కనీసం ఒక వైపు చెక్కను గాని, జిప్సం పలకను గాని తాకుతూ ఉంటే ఆ దారిన కొంత వేడి పోతుంది. అన్ని వైపులా ఉన్ని ఉన్నపుడు ఆ దారి కూడా ఉండదు. ఉన్నిని పైకెత్తి కేబులును రెండు పొరల మధ్య దూర్చడం కంటే దూలం పక్కకు బిగించడం మేలు అనడానికి కారణం ఇదే.

కొన్ని ఉదాహరణలు

దీపాల సర్క్యూటు: సాధారణంగా 1.0 లేదా 1.5 చదరపు మిల్లీమీటర్ల కేబులు, 6 ఆంపియర్ల ఎం.సి.బి. ఉంటాయి. కేబులు పూర్తిగా మునిగినా 8 ఆంపియర్లు మోయగలదు. కాబట్టి ఇతర దోషాలు లేనపుడు దీపాల తీగ ఉన్ని కింద ఉన్నంత మాత్రాన భయపడనవసరం లేదు. ఇక్కడ చూడవలసినది తీగను కాదు, దీపాన్ని, అతుకులను.

ప్లగ్గుల సర్క్యూటు: బ్రిటన్‌లో 2.5 చదరపు మిల్లీమీటర్ల కేబులును వలయంగా తిప్పి రెండు కొసలనూ 32 ఆంపియర్ల ఎం.సి.బి.కి కలపడం వాడుక. ప్రవాహం రెండు వైపుల నుండి పంచుకొని వస్తుంది కాబట్టి కేబులు సామర్థ్యం కనీసం 20 ఆంపియర్లు ఉంటే చాలునని నియమం. పైన 100 మిల్లీమీటర్ల ఉన్ని ఉన్నపుడు సామర్థ్యం 21, నియమానికి సరిపోతుంది. ఉన్ని 270 మిల్లీమీటర్లకు పెరిగితే 17, సరిపోదు. నిన్నటి వరకు సక్రమంగా ఉన్న వైరింగు ఒక్క మధ్యాహ్నపు పనితో నియమం తప్పినదవుతుంది.

విద్యుత్ షవరు: బ్రిటన్ ఇళ్ళలో స్నానపు నీటిని అప్పటికప్పుడు కాచే షవర్లు వాడుకలో ఉన్నాయి. 230 వోల్టుల వద్ద 8.5 కిలోవాట్ల షవరు 37 ఆంపియర్లు తీసుకుంటుంది. దూలానికి బిగించిన 6 చదరపు మిల్లీమీటర్ల కేబులు సామర్థ్యం 47, ఇబ్బంది లేదు. అదే కేబులును మందపాటి ఉన్ని కప్పితే సామర్థ్యం 27కు దిగుతుంది. 10 చదరపు మిల్లీమీటర్ల కేబులు కూడా మందపాటి ఉన్ని కింద 36 ఆంపియర్లే మోయగలదు. షవరును కొద్ది నిమిషాలే వాడతారన్నది నిజమే గాని, ఒకరి తరువాత ఒకరు స్నానం చేసే పెద్ద కుటుంబంలో ఆ ఊరటపై ఆధారపడరాదు. అటకలో మొట్టమొదట వెదకి గుర్తించవలసిన కేబులు ఇదే.

ఫ్యూజు ఎందుకు కాపాడదు

తీగ వేడెక్కితే ఫ్యూజు కాలిపోతుంది గదా అన్న సందేహం సహజం. ఫ్యూజు, ఎం.సి.బి. కొలిచేది తమ గుండా పోయే ప్రవాహాన్నే గాని, అటకలో ఉన్న తీగ ఉష్ణోగ్రతను కాదు. స్విచ్ బోర్డులో ఉన్న 32 ఆంపియర్ల ఎం.సి.బి.కి, ఎక్కడో పైన తీగపై ఉన్ని పరచిన సంగతి తెలియదు. 25 ఆంపియర్లు పోతున్నంత సేపూ అది నిశ్చింతగా ఉంటుంది, తీగ మాత్రం తన పరిమితిని దాటి ఉడుకుతూ ఉంటుంది.

మనిషికి షాకు తగలకుండా కాపాడే ఆర్.సి.డి. కూడా ఈ వేడిని పసిగట్టలేదు. ప్రవాహం దారి తప్పి భూమికి కారినపుడే అది పనిచేస్తుంది. కాబట్టి ఉష్ణబంధకం పరచే ముందు మనిషి స్వయంగా చూసి, లెక్క కట్టి నిర్ణయించుకోవడం తప్ప వేరే మార్గం లేదు. లెక్క సరిపోనపుడు తీగను ఉన్ని పైకి తేవడం, పెద్ద తీగ వేయడం, లేదా ఎం.సి.బి.ని తక్కువ ఆంపియర్ల దానితో మార్చడం అనేవి మూడు పరిష్కారాలు. చివరి రెండూ అర్హత గల ఎలక్ట్రీషియను చేయవలసిన పనులు.

లోకప్పులో పొదిగిన దీపాలు

లోకప్పుకు రంధ్రం చేసి, గాజు భాగం మాత్రమే కిందికి కనిపించేలా అమర్చే దీపాలు 1990ల నుండి విస్తారంగా వాడుకలోకి వచ్చాయి. వీటి వెనుక భాగం అటకలోకి పొడుచుకొని ఉంటుంది. ఇళ్ళలో మంటలు రావడానికి ఇవి కారణం కావచ్చు.

మొదట్లో వీటిలో 50 వాట్ల హాలోజన్ బల్బులు ఉండేవి. ఆ విద్యుత్తులో చాలా కొద్ది భాగమే వెలుగుగా మారి, మిగిలినదంతా వేడి అవుతుంది. పైగా వీటిలో చాలావాటికి వాడే డైక్రోయిక్ అద్దం వెలుగును కిందికి పంపి, ఉష్ణ కిరణాలలో ఎక్కువ భాగాన్ని తన గుండా వెనక్కు పోనిస్తుంది. కింద కూర్చున్న వారికి చల్లగా ఉండాలన్నదే దీని ఉద్దేశం. ఫలితంగా వేడి అంతా అటకలోకి చేరుతుంది. అక్కడ ఉన్ని కప్పి ఉంటే వేడి నిలిచిపోయి, పక్కనే ఉన్న దూలాన్ని, తీగ తొడుగును మాడ్చుతుంది.

50 వాట్ల హాలోజన్ బదులు 5 వాట్ల ఎల్.ఇ.డి. వాడితే ప్రమాదం బాగా తగ్గుతుంది, కాని పూర్తిగా పోదు. ఎల్.ఇ.డి. కూడా తన వేడిని వెనుక ఉన్న లోహపు రెక్కల ద్వారా బయటికి పంపుతుంది. దానిని కప్పితే లోపలి ఎలక్ట్రానిక్ భాగాలు త్వరగా పాడవుతాయి. అంతేకాక, కప్పిన దీపపు గూటిలో రేపు ఎవరైనా తెలియక పాత హాలోజన్ బల్బును పెట్టవచ్చు.

ఈ దీపాల విషయంలో పాటించవలసినవి:

- తయారీదారు సూచించినంత ఖాళీని దీపం చుట్టూ, పైన వదలాలి. అమెరికా నియమావళి ప్రకారం, కప్పడానికి అనుమతి లేని దీపానికి ఉష్ణబంధకం కనీసం 3 అంగుళాలు (76 మి.మీ.) దూరంలో ఉండాలి. అక్కడ కప్పడానికి పనికివచ్చే దీపాలకు "ఐ.సి." అనే గుర్తు ఉంటుంది.
- ఐరోపా ప్రమాణాలలో, ఉష్ణబంధకం కప్పిన దీపం బొమ్మను గీతలతో కొట్టివేసిన గుర్తు ఉంటే ఆ దీపాన్ని కప్పరాదు.
- "అగ్ని నిరోధక దీపం" అన్నంత మాత్రాన దానిని కప్పవచ్చునని అర్థం కాదు. కింద గదిలో మంటలు వచ్చినపుడు లోకప్పు రంధ్రం గుండా అవి పైకి పోకుండా ఆపడమే దాని పని. ఈ రెంటినీ ఒకటిగా పొరబడడం తరచు జరుగుతుంది.
- ఉన్ని జారి దీపంపై పడకుండా నిప్పుకు తట్టుకొనే టోపీ వంటి మూతలు దొరుకుతాయి. ఊది నింపే సెల్యులోజ్, పూసల విషయంలో ఇటువంటి అడ్డు తప్పనిసరి. పూల కుండీని బోర్లించడం, అట్టపెట్టె పెట్టడం వంటి ఇంటి చిట్కాలు పనికిరావు.
- 12 వోల్టుల దీపాల ట్రాన్స్‌ఫార్మర్లను ఉన్ని కింద వదలకుండా, గాలి ఆడేలా దూలం మీద గాని, పలక మీద గాని ఉంచాలి.
- దీపం కొంతసేపు వెలిగి, దానంతటదే ఆరి, మళ్ళీ వెలుగుతుంటే అది బల్బు లోపమని తలచరాదు. అందులో ఉన్న ఉష్ణ రక్షక స్విచ్చి పనిచేస్తున్నదని, దీపం మితిమీరి వేడెక్కుతున్నదని దానికి అర్థం కావచ్చు.

థర్మాకోల్, పి.వి.సి. తొడుగు

పి.వి.సి. స్వతహాగా గట్టి పదార్థం. తీగ తొడుగు వంగడానికి వీలుగా అందులో మెత్తదనం ఇచ్చే ద్రవాలను కలుపుతారు. థర్మాకోల్ ఆ తొడుగును తాకుతూ ఉంటే ఈ ద్రవాలు మెల్లగా థర్మాకోల్‌లోకి వలస పోతాయి. కొన్నేళ్ళలో తొడుగు గట్టిపడి పెళుసవుతుంది. థర్మాకోల్ కరిగినట్లు కుంచించుకుపోయి జిగురుగా తీగకు అంటుకుంటుంది. వేడి ఎక్కువైన కొద్దీ ఈ మార్పు త్వరగా జరుగుతుంది. అలా పెళుసైన తీగను కదిలిస్తే తొడుగు విరిగి రాగి బయటపడవచ్చు. అందువలన థర్మాకోల్ పలకలు, పూసలు తీగను నేరుగా తాకకుండా తీగను గొట్టంలో పెట్టడం గాని, దూరంగా బిగించడం గాని చేయాలి. ఇప్పటికే అతుక్కుపోయిన తీగను లాగరాదు.

పాత వైరింగు

బ్రిటన్‌లో 1960ల వరకు వేసిన ఇళ్ళలో రబ్బరు తొడుగు గల తీగలు ఉండేవి. కాలక్రమంలో ఆ రబ్బరు ఎండి, చేతితో తాకితే పొడిగా రాలుతుంది. ఇటువంటి తీగలున్న అటకలో ఉష్ణబంధకం పరచడానికి ముందు వైరింగు మొత్తం మార్చాలి.

అమెరికా, కెనడాలలో ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో కట్టిన ఇళ్ళలో మరొక పద్ధతి కనిపిస్తుంది. ఇందులో రెండు తీగలను విడివిడిగా, పింగాణీ గుబ్బలపై గాలిలో నడిపి, దూలాల గుండా పోయే చోట పింగాణీ గొట్టాలలో దూరుస్తారు. చుట్టూ ఆడే గాలే ఆ తీగను చల్లబరుస్తుంది. ఊదిన, చుట్టిన, నురుగుగా నింపిన ఉష్ణబంధకం ఈ తీగలను కప్పే చోట్ల ఈ పద్ధతిని అమెరికా జాతీయ విద్యుత్ నియమావళి నిషేధిస్తుంది.

ఆస్ట్రేలియా అనుభవం

అటక ఉష్ణబంధకం విషయంలో అజాగ్రత్త ఎంతటి విషాదానికి దారి తీయగలదో ఆస్ట్రేలియాలో 2009-10లో జరిగిన సంఘటనలు చూపుతాయి. ప్రపంచ ఆర్థిక మాంద్యాన్ని ఎదుర్కొనడానికి కెవిన్ రడ్ ప్రభుత్వం 2009 ఫిబ్రవరిలో గృహ ఉష్ణబంధక పథకాన్ని ప్రకటించింది. ఇంటికి 1,600 ఆస్ట్రేలియా డాలర్ల వరకు ప్రభుత్వమే భరిస్తుంది. త్వరగా ఉపాధి కల్పించడం, విద్యుత్తు ఆదా చేయడం దీని ఉద్దేశాలు. పది లక్షలకు పైగా ఇళ్ళలో పని జరిగింది. అంతకు ముందు చిన్నదిగా ఉన్న ఈ వృత్తిలోకి కొద్ది నెలలలోనే అనుభవం లేని వేలాది మంది వచ్చి చేరారు.

2009 అక్టోబరు నుండి 2010 ఫిబ్రవరి వరకు పనిలో ఉన్న నలుగురు యువకులు మరణించారు. ముగ్గురు క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో విద్యుద్ఘాతానికి గురయ్యారు. వారిలో ఒకని వయస్సు 16 సంవత్సరాలు. నాలుగవ యువకుడు న్యూ సౌత్ వేల్స్‌లో అటకలోని తీవ్రమైన వేడి వలన చనిపోయాడు. విద్యుద్ఘాతాలలో రెండు అల్యూమినియం రేకును లోహపు స్టేపుల్ పిన్నులతో దూలాలకు బిగిస్తున్నపుడు జరిగాయి. పిన్ను రేకును, దాని కింద కనబడని కేబులును ఒకేసారి గుచ్చుకుంటే పిన్ను ద్వారా రేకు మొత్తం విద్యుత్తుతో నిండుతుంది. పని చేసే వాడు ఆ రేకు మీదే మోకాళ్ళపై ఉంటాడు.

2009 నవంబరులో లోహపు పిన్నులను, 2010 ఫిబ్రవరిలో రేకు ఉష్ణబంధకాన్ని పథకంలో నిషేధించారు. 2010 ఫిబ్రవరి 19న పథకాన్నే రద్దు చేశారు. పథకం కింద పని జరిగిన ఇళ్ళలో రెండు వందలకు పైగా అగ్ని ప్రమాదాలు నమోదయ్యాయి. తరువాత ఇయాన్ హాంగర్ అధ్యక్షతన ఏర్పడిన రాయల్ కమిషన్ 2014 ఆగస్టులో నివేదిక సమర్పించింది. తగిన శిక్షణ, పర్యవేక్షణ లేకుండా తొందరపాటుతో పథకాన్ని అమలు చేయడాన్ని అది తప్పు పట్టింది. ఆ మరణాలు నివారించదగినవేనని అభిప్రాయపడింది.

పని చేసే క్రమం

1. మొదట పరిశీలన. టార్చిలైటుతో అటక అంతా చూసి తీగలు, జంక్షన్ బాక్సులు, దీపాలు ఎక్కడెక్కడ ఉన్నవో కాగితంపై గీసుకోవాలి. కింద గదుల నుండి కూడా దీపాల స్థానాలను గుర్తించాలి.
2. ఎలుకలు కొరికిన తీగలు, నల్లబడిన చెక్క, మాడిన వాసన, పెళుసైన తొడుగు, టేపు చుట్టిన అతుకులు కనిపిస్తే పని ఆపి ఎలక్ట్రీషియనును పిలవాలి. ఈ దోషాలు ఉన్ని కింద కప్పబడితే తరువాత ఎవరికీ కనిపించవు.
3. మెయిన్ స్విచ్చి ఆపాలి. దీపాల స్విచ్చి ఒక్కటే ఆపితే చాలదు. మెయిన్ ఆపినా వీధి నుండి మీటరు వరకు, మీటరు నుండి మెయిన్ స్విచ్చి వరకు ఉన్న తీగలలో విద్యుత్తు ఉంటుంది. సౌర ఫలకాలున్న ఇంట్లో ఎండ ఉన్నంత సేపూ వాటి తీగలలో కూడా విద్యుత్తు ఉంటుంది. వెలుగు కోసం బ్యాటరీ దీపం వాడాలి.
4. చేతి తొడుగులు, పొడవు చేతుల చొక్కా, ముక్కుకు మాస్కు, కళ్ళద్దాలు ధరించాలి. దూలాల మీద పలక వేసుకొని దానిపైనే కూర్చోవాలి. జిప్సం పలకపై కాలు మోపితే అది విరిగి మనిషి కిందికి పడతాడు.
5. తగినంత వదులు ఉన్న కేబులును ఉన్ని పైకి తీసుకురావాలి. వదులు లేని దానిని లాగరాదు. లాగితే కంటికి కనిపించని అతుకు ఊడుతుంది, వదులైన అతుకు తీగ కంటే ఎక్కువ వేడెక్కుతుంది. అటువంటి కేబులును దూలం పక్కన బిగించి, పట్టికలోని సామర్థ్యంతో సరిచూడాలి.
6. మిగిలిన కేబులును చుట్టగా చుట్టి ఉన్ని కింద దాచరాదు. ఒకదానిపై ఒకటి పడిన చుట్టలు ఒకదాని వేడిని మరొకటి పెంచుతాయి.
7. మరలతో బిగించిన అతుకులు గల జంక్షన్ బాక్సులను పరీక్షకు అందేలా ఉన్ని పైన ఉంచి, మూత బిగించాలి.
8. దీపాల చుట్టూ, పొగ గొట్టం చుట్టూ ఖాళీ వదలాలి. కప్పు అంచున గాలి వచ్చే సందులను మూయరాదు. మూస్తే అటకలో తేమ చేరి చెక్క కుళ్ళుతుంది, జంక్షన్ బాక్సులకూ చెమ్మ తగులుతుంది.
9. తీగ ఉన్న చోట కత్తితో ఉన్ని కోయరాదు. బయట కొలిచి కోసి పైకి తేవాలి. స్టేపుల్ పిన్నులు, మేకులు వాడరాదు.
10. పని ముగిశాక ఉన్ని కింద ఉన్న తీగల దారిని దూలాలపై గుర్తు పెట్టి, గీసిన పటాన్ని అటక తలుపు దగ్గర అంటించడం మంచి అలవాటు. తరువాత అటక ఎక్కేవారికి తీగలు కనిపించవు.

ఎండ ఎక్కువగా ఉన్న రోజులలో ఈ పనిని తెల్లవారుజామున చేసుకోవాలి. అటకలోని ఉష్ణోగ్రత బయటి కంటే చాలా ఎక్కువగా ఉంటుంది. ఇంట్లో తెలిసిన మనిషి ఉండగానే అటక ఎక్కాలి.

తెలుగు ప్రాంతాలలో

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో నేటి ఇళ్ళు ఎక్కువగా సిమెంటు కాంక్రీటు శ్లాబు గలవి. తీగలు శ్లాబులో, గోడలో పాతిన గొట్టాలలో నడుస్తాయి కాబట్టి పైన చెప్పిన అటక సమస్య నేరుగా ఎదురు కాదు. అయితే శ్లాబు కింద ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌తో గాని, జిప్సం పలకలతో గాని రెండవ లోకప్పు కట్టించి, అందులో దీపాలు పొదిగించడం ఇళ్ళలో, దుకాణాలలో, కల్యాణ మండపాలలో ఎక్కువైనది. ఎండ వేడి తగ్గడానికి ఆ ఖాళీలో థర్మాకోల్ గాని, గాజు ఉన్ని గాని పరచినపుడు ఇవే సూత్రాలు వర్తిస్తాయి. వేసవిలో శ్లాబు కింద ఉష్ణోగ్రత 30 డిగ్రీలను మించి ఉంటుంది కాబట్టి, పై పట్టికలోని అంకెలను ఇంకా తగ్గించి చూడాలి. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాలలో చెక్క అటక గల ఇళ్ళలో నివసించే తెలుగు కుటుంబాలకు ఈ విషయం నిత్య జీవితానికి సంబంధించినదే.

ఇవి కూడా చూడండి

- ఉష్ణ వహనం
- జౌల్ నియమం
- ఫ్యూజు
- గాజు ఉన్ని
- విద్యుద్ఘాతం